గిరి లోపల పెద్దాయన

వెండ్లా మంచానికి రెండు వైపులు. ఒకటి గోడ వైపు, ఒకటి అంచు వైపు. ఏ మంచానికైనా అంతేగా అంటారేమో. కానీ ఆ ఇంట్లో వాటికో చట్టం ఉండేది. అంచు వైపు పడుకున్నవాళ్లు చీకటితో లేచి పొయ్యి రాజెయ్యాలి. గోడ వైపు పడుకున్నవాళ్లు కాఫీ వాసన ముక్కుకు తగిలేదాకా దుప్పటి వదలక్కర్లేదు.

ఆ చట్టం చేసింది ఆమె మొగుడు తానెలి. పెళ్లయిన మొదటి చలికాలంలోనే పొయ్యి దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. జనవరి నడుమ హెయిక్కి దినం వస్తుంది కదా, ఆ రోజుకు చలికాలం సగం గడిచినట్టని, బొరియలో పడుకున్న ఎలుగుబంటి ఆ రోజే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిల్లుతుందని మా వైపు నమ్మకం. "అది ఒత్తిగిల్లిన రోజే మనమూ వైపులు మార్చుకుందాం. మంచు పడ్డప్పట్నుంచి హెయిక్కి దాకా అంచు నాది, ఆ తర్వాత నీది," అన్నాడు తానెలి. వెండ్లా రెండు రోజులు మూతి ముడుచుకుని, ఆ తర్వాతే సరేనంది. చీకట్లో లేవాల్సిన సగాన్ని అతను తనకే ఉంచుకున్నాడని, ఆమెకిచ్చిన సగంలో పొద్దు రోజురోజుకూ ముందే పొడుస్తుందని చాలా ఏళ్లు ఆమెకు తట్టనే లేదు. తట్టేసరికి చెప్పడానికి అతను ఇంట్లో లేడు.

పైన ఎలుగుబంటి అన్నాను. ఇక అనను. మంచు పడ్డాక మా అడవుల్లో ఆ పేరు ఎవరూ పలకరు. పేరు పెట్టి పిలిస్తే తనను పిలిచారనుకుని లేచి వస్తుందని భయం. పెద్దాయన అంటారు. వెండ్లా కథ ఎక్కువగా మంచులో జరిగింది కాబట్టి నేనూ అలాగే అంటాను.

తానెలి యుద్ధానికి వెళ్లాడు. ఆఖరి వేసవిలో, సరిహద్దు అవతలి అడవుల్లో ఎక్కడో, అతనున్న దళం చెల్లాచెదురైందని కబురు వచ్చింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. మా దేశంలో యుద్ధంలో పోయినవాళ్లను ఎంత దూరం నుంచైనా పెట్టెలో పెట్టి సొంత ఊరికి తెచ్చేవారు. కోర్పివార చర్చి ఆవరణలో వాళ్లంతా వరసగా పడుకుని ఉన్నారు. రానివాళ్ల కోసం పక్కనే ఒక రాయి నిలబెట్టి పేర్లు చెక్కారు. తానెలి పేరు మాత్రం దాని మీద లేదు. వెండ్లా పడనివ్వలేదు.

"శవాన్ని చూడకుండా రాతి మీద ఎలా చెక్కిస్తాను వదినా? చెక్కిస్తే మనిషిని మనమే చంపినట్టు కాదూ?" అంది ఆమె, తానెలి అక్క హుల్డాతో.

"చెక్కించకపోతే బతికొస్తాడా?" అంది హుల్డా. "నా తమ్ముడే వాడు. పువ్వు పెట్టుకుని ఏడవడానికి నాకో చోటు కావాలే. నీకు మంచమైనా మిగిలింది. నాకేం మిగిలింది?"

ఆ మాట మీద ఇద్దరికీ చెడింది. పాదిరిగారు రెండుసార్లు రాజీకి వచ్చి, రెండుసార్లూ కాఫీ తాగి వెళ్లారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టు హుల్డాది. కాబట్టి పిండి, ఉప్పు, కిరోసిను అన్న మాటలు మాత్రం వాళ్లిద్దరి మధ్య నడిచేవి. అలా పదమూడేళ్లు నడిచాయి.

ఆ పదమూడేళ్లూ వెండ్లా మంచం చట్టం తప్పలేదు. మంచు పడగానే గోడ వైపుకు జరిగేది. అంచు అతని వంతు కదా. తెల్లవారుజామున ఇల్లు గడ్డకట్టి ఉండేది, పొయ్యి రాజేసేవాళ్లు లేరు. అప్పుడు లేచి, ఖాళీగా ఉన్న అంచును మోకాళ్ల మీద దాటి, నేల మీదికి దిగేది. ఒక్కసారి కూడా ఆ చోట చెయ్యి ఆనించి దిగలేదు. పడుకున్న మనిషిని లేపకుండా ఎలా దాటుతామో అలా దాటేది. చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది గానీ, చూస్తే నవ్వేవాళ్లు, ఆ తర్వాత నవ్వినందుకు బాధపడేవాళ్లు.

ఊరికి ఎడంగా, గుట్ట మీద ఇల్లు. ఒక ఆవు, ఒక పచ్చిక బయలు, దాని అవతల దేవదారు అడవి, ఆ తర్వాత బురదనేల. డిసెంబరు వచ్చేసరికి పొద్దు అలా తొంగిచూసి ఇలా పోతుంది. పలకరించే మనిషి లేకపోతే ఆ చీకట్లో ఏది పగలో ఏది రాత్రో పట్టించుకోబుద్ధి కాదు. వెండ్లాకు వేళ చెప్పేది ఆవు ఒక్కటే. పొదుగు బరువెక్కితే అరిచేది, ఆమె లేచేది. అది ఒట్టిపోయిన నెలల్లో ఆమె ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు తిన్నదో ఆమెకే గుర్తుండేది కాదు. ఒంటరితనం గురించి ఎవరైనా అడిగితే ఆమె ఒప్పుకునేది కాదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ ఏడు సెప్టెంబరులో బురదనేల అంచున ఆమెకు పెద్దాయన కనబడ్డాడు. వేసవంతా పగలు పొదల్లో నిద్రపోయి సాయంత్రాలు తిరిగేవాడు, ఇప్పుడు వేళాపాళా లేకుండా తింటున్నాడు. ఆమె పొద్దున పళ్లు ఏరడానికి వెళ్తే తింటున్నాడు, మధ్యాహ్నం వెళ్తే తింటున్నాడు, చీకటి పడ్డాక వాకిట్లో నిలబడితే పళ్లపొదలు విరుగుతున్న చప్పుడు వినిపించేది. వీపు మీద కొవ్వు అటూ ఇటూ ఊగేది. "కాస్త మిగల్చవయ్యా, నేనూ జామ్ పెట్టుకోవాలి," అని దూరం నుంచే అంది వెండ్లా. చాలా రోజుల తర్వాత ఇంకో ప్రాణితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

అక్టోబరు నడిమికి చప్పుడు ఆగిపోయింది. పళ్లు ఇంకా ఉన్నాయి, అతనికే ఆకలి పోయింది. ఆమె తండ్రి చెప్పేవాడు, పెద్దాయన తిండి మానేది తిండి దొరక్క కాదు, లోపల ఏదో తలుపు మూసుకుపోతుందని. ఆ తర్వాత తూలుతున్నవాడిలా తిరుగుతూ పడక వెతుక్కుంటాడు. మొదటి మంచు పల్చగా పడిన పొద్దున వెండ్లా పచ్చిక బయలు దాటితే, అడుగుల జాడ నేరుగా దేవదార్లలోకి, పాడుబడ్డ పెద్ద చీమలపుట్ట వైపు పోయింది. ఆమె మంచు మీద జారే చెక్కలు కాళ్లకు కట్టుకుని, ఆ జాడను దూరంగా ఉంచి, అడవిని చుట్టి వచ్చింది. లోపలికి పోయిన జాడ ఉంది, బయటికి వచ్చిన జాడ లేదు. బయల్దేరిన చోటికే వచ్చి తన చెక్కల గీతను తానే కలిపింది.

మా వైపు దీన్ని గిరి గీయడం అంటారు. గిరి కలిసిందంటే లోపల పడుకున్న పెద్దాయన గీసినవాడి సొత్తు. ఆ గీత ఇంకెవరూ దాటరు, దాటితే ఊళ్లో ముఖం చెల్లదు. గీసినవాడు మంచి రోజు చూసి మనుషుల్ని పోగేసుకొస్తాడు, పుట్ట తవ్వుతారు, నిద్రమత్తులో బయటపడ్డ పెద్దాయనను చంపి పాటలు పాడుతూ ఊళ్లోకి మోసుకొస్తారు. వెండ్లా తండ్రి అలాంటివి ఎన్నో గీశాడు. ఆడది గీసిందని మాత్రం ఎవరూ వినలేదు. గీత కలిసిన చోట తండ్రి చేసినట్టే కొమ్మకు ఎర్ర ఊలు దారం కట్టింది వెండ్లా. కట్టాక అక్కడే నిలబడిపోయింది. పిలవడానికి మనుషులూ లేరు, పిలవాలనీ లేదు. "నా మానాన నేను, నీ మానాన నువ్వు," అని చెప్పి ఇంటికి వచ్చింది.

ఆ చలికాలం ఆమెకు కాస్త వేరుగా గడిచింది. రోజు విడిచి రోజు గిరి దాకా వెళ్లేది, లోపలికి అడుగు పెట్టేది కాదు. పుట్ట మీద మంచు మందంగా పేరుకుని, ఒక్క చోట మాత్రం చిన్న కన్నం మిగిలింది. దాని చుట్టూ ఉన్న పుల్లలకు ఊపిరి తగిలి పసుపు పచ్చని మంచు నూగు పట్టింది. బాగా చలి ఉన్న రోజున ఆ కన్నంలోంచి సన్నటి ఆవిరి లేచేది. అది లేచి, మాయమై, మళ్లీ లేచేలోగా పోయాడేమో అనిపించేది. అంతలో మళ్లీ లేచేది. తిండి లేదు, నీళ్లు లేవు, పగలు లేదు, రాత్రి లేదు. ఉన్న కొవ్వును కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పడుకున్నాడు. బతకడానికి ఇంత తక్కువ చాలని చూస్తే వెండ్లాకు ధైర్యంగా ఉండేది.

హెయిక్కి దినం రాగానే ఆమె మామూలుగా తలగడ తీసి అంచు వైపు వేసుకుంది. మర్నాడు గిరి దగ్గర నిలబడి, "నేను జరిగాను. నువ్వు ఒత్తిగిల్లావా?" అని అడిగింది. కొమ్మ మీది మంచు జారి కింద పడింది. ఆమె దాన్నే జవాబుగా తీసుకుంది.

ఫిబ్రవరిలో నెస్టోరి వచ్చాడు. అడవులు కొట్టించే మేస్త్రి, దక్షిణాన సముద్రం ఒడ్డు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. తలుపు దగ్గర బూట్లు దులుపుకుని, మర్యాదగా బల్ల చివర కూర్చున్నాడు. వెండ్లా కాఫీ పోసింది.

"మీ పచ్చిక అవతల దేవదార్లున్నాయి కదండీ, వచ్చే వారం వాటి మీదికి గొడ్డళ్లు దిగుతాయి," అన్నాడు. "మా గుర్రాల్ని మీ గడ్డిపాకలో కట్టుకోనిస్తారేమో అడుగుదామని వచ్చా."

వెండ్లా కాఫీ కూజా పొయ్యి మీద పెట్టి, అతనికి వీపు పెట్టి నిలబడింది. చెప్పకపోతే ఆ పుట్ట మీద చెట్టు పడుతుంది. అదాటున లేచిన పెద్దాయన దగ్గరున్న మనిషిని బతకనివ్వడు. చెబితే, ఇతని కూలీల్లో సగం మంది మా వైపు వాళ్లే, సాయంత్రానికల్లా తుపాకులతో వాలతారు. గిరి నాదంటే నవ్వుతారు. ఎటు చూసినా ఆ నిద్ర క్షేమంగా తెల్లారేది కాదు. నోరు మూసుకుని ఒక మనిషిని చంపుకునే గుండె ఆమెకు లేదు.

"అక్కడ వద్దు మేస్త్రీగారూ," అంది.

"ఏం? తమకేదన్నా ఇబ్బందా?"

"అక్కడ పెద్దాయన పడుకున్నాడు."

మా ఊరి పసివాడికైనా ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయేది. నెస్టోరి ఊరి దగ్గర పెద్దాయనలు లేరు, బాతులూ చేపలూ తప్ప. ఈ గుట్ట మీది ఆవిడ మొగుడు యుద్ధం నుంచి రాలేదని మాత్రం కూలీలు చెప్పగా విన్నాడు. కప్పు నెమ్మదిగా కింద పెట్టి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచండీ?"

"మంచు గట్టిపడకముందే వచ్చి పడుకున్నాడు."

"మీరొక్కరేనా చూసింది?"

"నేనొక్కదాన్నే. చుట్టూ గిరి గీసి వచ్చా. ఊళ్లో తెలిస్తే ఉండనిస్తారా? తవ్వి బయటికి లాగుతారు. పాటలు పాడుకుంటూ మోసుకుపోతారు."

"అవునవును. ఊరుకోరు," అన్నాడు నెస్టోరి. గొంతు తగ్గించి అడిగాడు. "మన్ను సరిగ్గా కప్పారా?"

"తనే లాక్కుని కప్పుకున్నాడు. మిగతాది మంచు చూసుకుంది."

నెస్టోరి మొహం పక్కకు తిప్పుకుని, చొక్కా చేతితో కళ్లు ఒత్తుకున్నాడు. వెండ్లా ఆశ్చర్యపోయింది. అడవిలో పడుకున్న ఒక జంతువు కోసం చెట్లు కొట్టించే మేస్త్రి కళ్లనీళ్లు పెట్టుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. మరీ ఇంత మెత్తటివాడు ఈ పనికెలా వచ్చాడా అనుకుంది.

"మా తమ్ముడూ రాలేదక్కా," అన్నాడతను. "ఆ వేసవిలోనే. ఎక్కడున్నాడో మా అమ్మకు తెలీకుండానే పోయింది. మీకు కనీసం కళ్ల ముందున్నాడు. మీ ఆయన పేరేంటక్కా?"

అప్పుడర్థమైంది వెండ్లాకు. పొయ్యిలో కట్టె చిటపటమంది. కాదయ్యా, నేను చెప్పింది అడవిలో ఉండే పెద్దాయన గురించి అంటే చాలు, ఒక్క ముక్క. ఆ ముక్క అంటే సాయంత్రానికి తుపాకులొస్తాయి. ఆమె ఎదుట కూర్చున్న మనిషి టోపీ ఒళ్లో పెట్టుకుని, పేరు కోసం ఎదురు చూస్తున్నాడు.

"తానెలి," అంది వెండ్లా.

"సరే అక్కా. అటు ఎవర్నీ రానివ్వను. కింద ఊట ఉంది, గుర్రాలు దిగబడతాయని చెప్తాలే," అన్నాడు నెస్టోరి. లేచి, ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక వెండ్లా మంచం మీద కూర్చుంది. పాదిరిగారు అడిగినా, అతని తోడబుట్టిన అక్క అడిగినా పదమూడేళ్లు ఎవరి నోటా పోయాడని అననివ్వని మనిషి, ఇవాళ తన నోటితో తానే మొగుణ్ణి పూడ్చిపెట్టింది. అదీ ఒక చీమలపుట్ట కింద. ఆమెకు సిగ్గేసింది, భయమేసింది. ఆ వారమంతా గిరి వైపు వెళ్లలేదు.

నెస్టోరి మాట నిలబెట్టుకున్నాడు. గొడ్డళ్లు అవతలి గుట్ట మీదే మోగాయి. దుంగల బండ్లు పచ్చిక పక్కగా పోతున్నప్పుడల్లా అతను దేవదార్ల వైపు తిరిగి టోపీ తీసేవాడు. వెండ్లా కిటికీలోంచి చూసి, తెర వేసేసేది.

ఏప్రిల్ వచ్చింది. పైకప్పు మంచు కరిగి చూర్ల నుంచి కారింది. మంచు కింద నీళ్లు పారే చప్పుడు వినిపించగానే పెద్దాయన లేస్తాడని తండ్రి చెప్పేవాడు. లేచినా వెంటనే తిరగడు. కన్నం బయట కూర్చుని కునికిపాట్లు పడతాడు, పగలేదో రాత్రేదో తెలీక కొన్నాళ్లు మళ్లీ లోపలికి పోయి పడుకుంటాడు, ఆకలి కూడా ఆలస్యంగానే గుర్తొస్తుంది. వెండ్లా రోజూ వెళ్లి చూసింది. పుట్ట మీద మంచు పోయింది. కూర్చున్న ఆనవాలు లేదు, అడుగుల జాడ లేదు. కన్నంలోంచి వచ్చే ఆవిరి, గాలిలో చలి తగ్గాక, కనబడటం మానేసింది. పడమటి అడవిలో ఇంకో పెద్దాయన లేచి తిరుగుతున్నాడని కొట్టు దగ్గర చెప్పుకున్నారు. మనవాడు లేవలేదు.

ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. తను అన్న మాటే తగిలిందనుకుంది. ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే గుంతలో పెట్టింది. ఒకరు పోతే ఇద్దరూ పోయినట్టే. వేటగాడి కూతురై ఉండీ, ఆ కన్నంలోకి తొంగిచూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చనిపోయాడని తెలిస్తే ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలీదు.

మే మొదట్లో, ఏట్లో దుంగలు వదిలే పనికి నెస్టోరి మళ్లీ వచ్చాడు. వాకిట్లో గడ్డి ఆరేసే కర్రలు సరిచేస్తున్న వెండ్లాకు ముందు హుల్డా కనబడింది. తలగుడ్డ ఊడిపోయి, గసపోస్తూ, గుట్ట ఎక్కి వస్తోంది. ఆ ఇంటి వాకిట్లో ఆమె అడుగు పెట్టి పదమూడేళ్లు. వెనక నెస్టోరి సైకిలు తోసుకొస్తున్నాడు. సైకిలు వెనక తాళ్లతో కట్టిన చెక్క శిలువ ఉంది. నున్నగా చిత్రిక పట్టి, తారు పూసి, దాని మీద తానెలి అని చెక్కి ఉంది. ఇంటిపేరు కనుక్కుందామని పాపం కొట్టు దగ్గర ఆగాడట.

హుల్డా వచ్చీ రాగానే వెండ్లా రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"వాడు పారిపోయి వచ్చాడు కదూ? అడవులెంబడి ఇంటికొచ్చాడు కదూ? ఎవరికన్నా తెలిస్తే కాల్చేస్తారని దాచావు కదూ? దాస్తే దాచావు, నాకు చెప్పొద్దటే? వాడికి బూట్లు తొడుక్కోవడం నేర్పింది నేనే! నేను పిండి తూచి ఇస్తుంటే, ఎదురుగా నిలబడి, వాడు నీ పెరట్లో ఉన్నాడన్న మాట ఎలా మింగావే రాక్షసీ?"

ఆ రోజుల్లో అలా పారిపోయి వచ్చి అడవిలో దాక్కున్నవాళ్లు ఉన్నారు, నిజమే. హుల్డా దారి పొడుగునా అదే కూడబలుక్కుంటూ వచ్చింది.

"వదినా, ఆగు. అక్కడున్నది నీ తమ్ముడు కాదు."

"మరెవడే?"

మంచు పోయి వారమైనా ఆ పేరు పలకడానికి వెండ్లాకు నోరు రాలేదు. "పెద్దాయన," అంది.

హుల్డా చేతులు జారిపోయాయి. ఆమెకు ఇంకేం చెప్పక్కర్లేదు. నెస్టోరి మాత్రం సైకిలు పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

"గిరి గీశావా?" అంది హుల్డా.

"గీశా."

"ఎవర్నీ పిలవలేదా?"

"లేదు. నువ్వైనా పిలవకు వదినా. ఇప్పుడు పిలిచినా లాభం లేదులే. ఇంకా లేవలేదు. పోయాడనుకుంటా."

"మే నెలొచ్చినా లేవలేదా?" హుల్డా కనుబొమ్మలు ముడిచింది. ఆమెదీ అదే అడవి, వెండ్లా తండ్రి వేటకు వెళ్తే ఆమె తండ్రీ వెంట వెళ్లేవాడు. "పడుకునేటప్పుడు చూశావా? ఒంటరిగా వచ్చాడా? ఒళ్లెలా ఉంది?"

వెండ్లా జవాబు చెప్పబోతుండగా నెస్టోరి, "అక్కా," అని గొంతులోనే అన్నాడు. పచ్చిక బయలు అవతల, దేవదార్ల అంచున, ఏదో కదిలింది. చిక్కి సగమై, చర్మం వేలాడుతూ, ఒకటి బయటికి వచ్చి, వెలుగు చూసి కళ్లు చికిలించుకున్నట్టు అక్కడే కూలబడింది. దాని కాళ్ల మధ్య నుంచి పిల్లి అంతది ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకోటి వచ్చి, మొదటి దాని చెవి పట్టుకుని లాగింది.

"పెద్దాయనట, పెద్దాయన!" అంది హుల్డా. "బాలింతే పిచ్చిదానా! చలికాలమంతా బాలింత గుమ్మం ముందు నిలబడి కబుర్లు చెప్పావా? పసిపిల్లలున్నవాళ్లు ఆలస్యంగా లేస్తారని మీ నాన్న చెప్పలేదూ?"

వెండ్లాకు నవ్వొచ్చింది. హెయిక్కి దినాన, నువ్వు ఒత్తిగిల్లావా అని ఎవరిని అడిగిందో, ఆ బొరియలో ఆ పూటకి ఎంతమంది ఉన్నారో గుర్తొచ్చి, గడ్డికర్ర పట్టుకుని వంగిపోయి నవ్వింది. హుల్డా కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నవ్వింది. మొత్తానికి సంగతి బోధపడి నెస్టోరి చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అయితే నేను రోజూ టోపీ తీసింది ఎలుగుబంటికా?" అన్నాడు.

మళ్లీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ హుల్డా గడప మీద కూర్చుంది. కూర్చున్నాక ఆమె భుజాలు నవ్వుకు కదలడం లేదని వెండ్లాకు తెలిసింది.

"కొట్టు దగ్గర్నుంచి ఇక్కడిదాకా నా తమ్ముడు నాకు దొరికాడే," అంది హుల్డా. "ఇంటికొచ్చి చచ్చాడు, చల్లగా ఉన్నచోట పడుకున్నాడు అనుకుంటూ వచ్చా. కోపంతో కాదే పరుగెత్తింది. ఒక్క పూట నాకు సమాధి ఉంది. ఇప్పుడు అదీ లేదు."

పదమూడేళ్లుగా తను ఎవరి కోసం కాపలా కాస్తోందో వెండ్లాకు తెలుసు. ఆ కాపలాకు బయట, తలుపు అవతల, ఇంకొకరు నిలబడి ఉన్నారని ఇవాళ కంటికి కనబడింది. పచ్చిక అవతల తల్లి లేచి, రెండడుగులు వేసి, పిల్లల కోసం ఆగింది. వాళ్లు రాగానే చెట్లలోకి నడిచింది. గిరి గీసినచోట ఎర్ర దారం రంగు వెలిసి ఇంకా వేలాడుతోంది. వాళ్లు దాని కిందుగా దాటి వెళ్లిపోయారు.

"మేస్త్రీగారూ, ఆ శిలువ విప్పండి," అంది వెండ్లా.

"వద్దక్కా, క్షమించండి, నేనే తెలీక..."

"విప్పండి. ఒకవైపు నేను పట్టుకుంటా, ఒకవైపు వదిన పట్టుకుంటుంది. చర్చి దాకా మోసుకెళ్లాలి."

హుల్డా తలెత్తింది. "రాయి మీద?"

"రాయి మీద కూడా చెక్కించు వదినా. పాదిరిగారితో నేను చెప్తా."

ఇద్దరాడవాళ్లు తారు పూసిన శిలువను మోసుకుంటూ ఊళ్లోంచి నడిచి వెళ్లడం మా వాళ్లందరూ చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. దాన్ని ఆ రాతి పక్కనే, కింద మనిషి లేని నేలలో పాతారు. హుల్డా ఆ సాయంత్రమంతా అక్కడే కూర్చుంది. వెండ్లా పాలు పితికే వేళకు ఇంటికి వచ్చింది.

ఆ ఏడు మొదటి మంచు అక్టోబరు చివర పడింది. వెండ్లా తలగడ తీసుకుని గోడ వైపు వెయ్యబోయి ఆగింది. కాసేపు దాన్ని గుండెకు ఆనించుకుని నిలబడి, అంచు వైపు వేసి పడుకుంది. తెల్లవారుజామున ఇల్లు ఎప్పట్లాగే గడ్డకట్టి ఉంది. ఆమె ఎవర్నీ దాటాల్సిన పని లేకుండా కాళ్లు నేల మీద పెట్టి, చీకట్లో ఒక్కసారి గోడ వైపు తిరిగింది.

"నువ్వు పడుకో తానెలీ, ఈ సగం కూడా నేనే చూసుకుంటా," అని చెప్పి, వెళ్లి పొయ్యి రాజేసింది.